దొరకును ఊరికిని నడుమ

పౌర సంబంధాధికారి యను పేరు క్రొత్తది. భారత పౌర సంబంధాల సంఘము 1958లో గాని ఏర్పడలేదు. పేరు క్రొత్తదైనను పని ప్రాతదే. దొర మాటను ఊరికి తెలిపి, ఊరి మాటను దొరకు చేర్చి, ఉభయుల నమ్మకమును నిలుపుకొని బ్రతికినవారు మనలో పూర్వము నుండియు కలరు. కడప మండల చరిత్ర అట్టివారికి మిక్కిలి ఋణపడి యున్నది. ఏలూరివారైన కావలి సోదరులను గూర్చి కొంచెము విన్నవింతుము.

వీరిలో బొర్రయ్య 1776లో జన్మించినాడు. పదునెనిమిదవ శతాబ్ది చివరి యేండ్లలో, ఇరువది యేండ్ల ప్రాయమున, కంపెనీ సైన్యమున ఇంజనీరుగా నున్న కాలిన్ మెకంజీ కొలువున చేరినాడు. మెకంజీకి శాసనములన్న ప్రాణము. మన భాషలు మాత్రము రావు. కావున బొర్రయ్యయే ఆయనకు చెవియు నోరును అయినాడు. 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో మెకంజీ ఈ సంగతి దాచుకొనలేదు. భారతీయ విజ్ఞానమునకు తనకు ద్వారము తెరచినది బొర్రయ్యయే యనియు, అన్ని కులముల వారిని, మతముల వారిని సమాధానపరచి ఈ విచారణకు అనుకూలురను జేసిన నేర్పు అతనిదే యనియు కొనియాడినాడు. ఈ ఉద్యోగమునకు ఇంతకంటె మంచి యోగ్యతాపత్రము మేము చూడలేదు. ఐనను అది వ్రాయబడునాటికి బొర్రయ్య లేడు. 1803లోనే, ముప్పది యేండ్లయినను నిండకమునుపే, కాలధర్మము నొందినాడు. జైనులను గూర్చి అతడు సేకరించిన విషయములు తరువాతనే ‘ఏషియాటిక్ రిసెర్చెస్’లో అచ్చయినవి.

అన్న వదలిన పనిని తమ్ముడు లక్ష్మయ్య చేపట్టినాడు. దత్తమండలముల విచారణ ఇతని చేతి మీదుగానే జరిగినది. అది సులభమైన పని కాదు. నిజాము ఈ సీమను 1800లో కంపెనీకి అప్పగించెను. మన్రో దొర 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండి, గొలుసులతో పొలములు కొలిపించి, రైతువారీ పన్ను కట్టించెను. ఇనాముల లెక్కలును తీయబడినవి. ఆ గొలుసు చప్పుడు చెవులలో నుండగానే మరియొక మనుష్యుడు వచ్చి, “ఈ గుడి మాన్యము ఎవరిచ్చినారు? శాసనమేది? చెరువు క్రింద పొలమెంత?” యని అడిగినచో, కరణము గుండె ఝల్లుమనదా? దేవళము పూజారి తన తామ్రపత్రమును ఎందుకు వెలికి తీయవలెను?

మేము నేడు ధ్వనిముద్రణ యంత్రముతో పులివెందుల వైపు పల్లెలకు పోయినను, వృద్ధులు ముందుగా అడుగునది ఇదియే: “ఇదంతా యెందుకు రాసుకుంటాండారు సామీ?” ఆ ప్రశ్నకు తృప్తికరముగా బదులు చెప్పిన గాని రెండవ మాట రాదు. లక్ష్మయ్య మనుష్యులకును ఈ గడ్డు ప్రశ్న తప్పియుండదు. వారికి మరియొక చిక్కు కలదు. చరిత్ర కొరకే యని వారు చెప్పుకొన్నను, అడిగించునది పన్ను వసూలు చేయు కంపెనీయే.

ఐనను కరణములు దండకవిలెలు విప్పినారు. పెన్న ఒడ్డున నున్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మొదలుకొని పులివెందుల సీమ దాక ఊరూర కైఫీయతులు పుట్టినవి. గండికోట కైఫీయతు లేనిచో పెమ్మసాని వారి కథలో మనకు తెలియునది ఎంత? మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకొనిన తరువాత 1652లో వజ్రముల బేరమునకు వచ్చిన టావెర్నియే కొంత వ్రాసినాడు గాని, అది పరదేశి చూపు.

కైఫీయతు అనగా స్థితిగతుల నివేదన. కరణము అమాయకుడు కాడు. ఊరి మాన్యములు నిలుచునట్లుగానే తన కథ చెప్పినాడు. అనగా అతడును తన ఊరికి పౌర సంబంధాధికారియే! ఇనాముల ప్రస్తావన వచ్చినచోట చదువరులు ఈ సంగతి మరువరాదు. అంతమాత్రమున అవి కల్లలని త్రోసివేయుటయు న్యాయము కాదు.

మెకంజీ 1821లో మరణించెను. ఆయన భార్య వద్ద నుండి ఆ సంపుటములను కంపెనీ లక్ష రూపాయలకు కొనెను. లక్ష్మయ్యకు కొలువు పోయినది. మిగిలిన పనిని తాను సాగింతునని అతడు కలకత్తా ఏషియాటిక్ సొసైటీని వేడుకొనెను. అట్టి పనిని నడపు శక్తి ఇతనికే కాదు, ఏ భారతీయునికిని ఉండదను అభిప్రాయముతో 1836లో ఆ వేడుకోలు నిరాకరింపబడెను. అంతకు ముందు ఏండ్ల తరబడి ఆ పనిని నడపినవాడు ఎవడని అక్కడ ఎవరును అడుగలేదు కాబోలు. తమ్ముడు రామస్వామి మాత్రము 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషున అచ్చు వేయించినాడు.

శిథిలమగుచున్న కైఫీయతులకు సి. పి. బ్రౌను తిరిగి ప్రతులు వ్రాయించినాడు. కడప మండలమునకు సంబంధించిన వానిని కడపలోని బ్రౌను భాషా పరిశోధన కేంద్రము సంపుటములుగా ప్రకటించినది. 1816లో థామస్ హిక్కీ చిత్రించిన మెకంజీ పటమున ఎఱ్ఱ కోటు దొర ప్రక్క మువ్వురు భారతీయులు నిలిచియున్నారు. వారిలో లక్ష్మయ్య కలడో లేడో పండితులు నేటికిని వాదించుచునే యున్నారు.