'ఊఁ' అంటే ఒప్పుకున్నట్టా? మాటకూ కాగితానికీ మధ్య మన చరిత్ర

మన పెద్దలకు చదువు లేదు కాబట్టి మనకు చరిత్ర లేదని అనేవాళ్లు ఉన్నారు. మనకు చరిత్ర ఉంది. అది మాటల్లో ఉంది. కాగితం మీదికి ఎక్కింది మాత్రం ఎక్కువగా ఇతరులు రాసిందే. అందుకే మాట ఎలా నడుస్తుందో, దాన్ని రాతలో పెట్టినప్పుడు ఏం జారిపోతుందో మన యువకులూ, మన పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులూ తెలుసుకోవాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

కలువాయి వైపు బస్సు కోసం నిలబడిన ఇద్దరి మాటలు ఇలా ఉంటాయి:

"యాడికి మామా?"
"ఇట్నే, ఆత్మకూరు దాకా."
"ఊఁ."
"పిలకాయికి జొరం."
"అయ్యో, మాత్రలు…"
"ఇచ్చినారు. తగ్గలా."

వ్యాకరణం ప్రకారం చూస్తే ఇందులో నిండు వాక్యాలు తక్కువ. అయినా ఇద్దరికీ అంతా అర్థమైంది. ఎవరి పిల్లవాడో, మాత్రలు ఎవరు ఇచ్చారో చెప్పనక్కర లేదు. "మాత్రలు" అని ఒకరు మొదలుపెడితే "ఇచ్చినారు" అని ఇంకొకరు ముగించారు. ఆ వాక్యం ఇద్దరిదీ. ఇదే సంగతిని అర్జీలో రాస్తే, "నా కుమారునికి జ్వరము వచ్చినందున ఆత్మకూరు వెళ్లుచున్నాను" అవుతుంది. చదివేవాడు ఎదురుగా లేడు, తిరిగి అడగలేడు. కాబట్టి రాత అంతా విప్పి చెప్పాలి. మాట ఇద్దరు కలిసి చేసే పని. రాత ఒక్కరు చేసే పని.

మాటకు క్రమం లేదనుకోవడం పొరపాటు. అమెరికాలో హార్వే సాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ రికార్డు చేసిన మాటలను విని, మాట్లాడేవాళ్లు వంతులు ఎలా మార్చుకుంటారో 1974లో వివరించారు. 2009లో పది భాషలను పోల్చిన ఒక పరిశోధనలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతే ఉందని తేలింది. ఆ పదింటిలో ఇంగ్లీషు, జపనీసు భాషలతో పాటు నమీబియాలోని వేట, సేకరణ మీద బతికిన జాతి భాష కూడా ఉంది. వంతు తెలిసి మాట్లాడటానికి బడి చదువు అక్కరలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక 'ఊఁ' సంగతి. అవ్వ కథ చెబుతుంటే పిల్లలు ఊకొడతారు. కథలోని రాక్షసుడు చేసిన పనిని ఒప్పుకుని కాదు, "వింటున్నాం, చెప్పు" అని. ఇదే 'ఊఁ' ఇంకో చోట "అవును" అవుతుంది, మరో చోట "సరేలే, వదిలెయ్" అవుతుంది. ఏదన్నది గొంతును బట్టీ, ముఖాన్ని బట్టీ, ముందు వచ్చిన మాటను బట్టీ తెలుస్తుంది. కాగితానికి గొంతు లేదు.

మాటకూ రాతకూ ఉన్న ఈ దూరం మీద తెలుగువాళ్లు పెద్ద పోరాటమే చేశారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863-1940) లిపి లేని సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. బడి పుస్తకాల గ్రాంథికాన్ని ఆయన ఎదిరించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఈనాడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే ఆయన గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని, అంటే చదువుకున్నవాళ్ల వాడుకను. "తగ్గలా", "యాడికి" పాఠ్యపుస్తకం బయటే నిలబడ్డాయి. ఎరుకల భాష మరీ దూరంలో ఉండిపోయింది.

మన విషయంలో ఈ దూరం జైలుకూ ఇంటికీ మధ్య దూరంగా కూడా మారింది. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. జాతి పేరు రిజిస్టరులో ఎక్కింది, వేలిముద్ర పడింది. 1952లో ఆ చట్టం పోయింది గానీ అనుమానం అంత తొందరగా పోలేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. నిమ్మతోటకు కావలి ఉన్న యానాదిని అడుగుతారు: "రాత్రి తోటలోనే ఉండావా?" "ఉండా." "కాయలు పోయినాయి కదా?" "ఊఁ." "నీకు తెలిసే పోయినాయి." "ఊఁ…" చివరి 'ఊఁ' భయంతో వచ్చిందో, వింటున్నానని వచ్చిందో ఎదుట ఉన్నవాళ్లకే తెలుస్తుంది. కాగితం మీద మాత్రం "రాత్రి తోటలో ఉండగా నాకు తెలిసే కాయలు పోయినవి" అని పడుతుంది. ప్రశ్నలు మాయమై, అడిగినవాడి మాటలు చెప్పినవాడి నోట్లోకి వచ్చేశాయి.

కోర్టులో సాక్ష్యాన్ని మామూలుగా ఇలా కథనంగానే రాస్తారు. 1973 నేర ప్రక్రియా స్మృతి 276వ సెక్షన్ అలాగే చెప్పింది. అయితే ప్రశ్న, జవాబు రూపంలో రాసుకునే అధికారం కూడా జడ్జికి ఇచ్చింది. 278వ సెక్షన్ ప్రకారం రాసిన సాక్ష్యాన్ని సాక్షికి చదివి వినిపించాలి. వేరే భాషలో రాసి ఉంటే అతనికి తెలిసిన భాషలో చెప్పాలి. తప్పుందని సాక్షి అంటే జడ్జి దిద్దవచ్చు, లేదా ఆ అభ్యంతరాన్ని రాసి పెట్టాలి. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవాడి చేత సంతకం పెట్టించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ ఏర్పాట్లు ఉన్నాయి. "చదివి వినిపించండయ్యా" అని అడగటం ఎదురు తిరగడం కాదు, హక్కు.

రాత మనకు శత్రువని మేము అనడం లేదు. పట్టా, కుల ధ్రువపత్రం, హాజరు పట్టీ లేకుండా ఈ రోజుల్లో బతుకు లేదు. మనం వెళ్లలేని చోటికి రాత వెళుతుంది, మనం పోయాక కూడా ఉంటుంది. అందుకే అది సరిగా ఉండాలి.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. పిల్లలను ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్ల అనుమతితో పది నిమిషాలు ఫోనులో రికార్డు చేయించండి. తర్వాత ఉన్నది ఉన్నట్టు రాయించండి: ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు, ఎక్కడ ఆగారు, ఎక్కడ నవ్వారు, 'ఊఁ' ఎక్కడ వచ్చింది. "యాడికి"ని "ఎక్కడికి"గా దిద్దవద్దు. పక్కనే అదే సంగతిని అర్జీగా కూడా రాయించండి. రెండూ రాయగలిగిన పిల్లవాడు రేపు కాగితం మీద వేలు పెట్టేముందు అందులో ఏముందో అడుగుతాడు. మన తాతల మాటలు కూడా ప్రశ్నలతో సహా చరిత్రలో నిలుస్తాయి.