ఎడిన్‌బరోలో అడిగిన స్నేహం



ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టడం మన ఇళ్లలో కొత్త కాదు. అరుగు మీద విస్తరి వేసి పెట్టడం ఒక పద్ధతి. లోపలికి పిలిచి, మన పక్కనే పీట వేసి పెట్టడం మరొక పద్ధతి. ఆకలి రెండు చోట్లా తీరుతుంది. కాని ఆ తేడా తిన్నవాడికీ తెలుసు, పెట్టినవాడికీ తెలుసు. సరిగ్గా ఈ తేడాను గురించి 1910లో ఒక తమిళుడు ప్రపంచ సభలో లేచి మాట్లాడారు. ఆ తర్వాత తన మిగిలిన జీవితమంతా తెలుగు పల్లెల మధ్యనే గడిపారు. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి అక్కడి చర్చిలో గురువు. వారిది నాడార్ కుటుంబం. ఆ కులం వారికి ఆనాడు ఆ సీమ దేవాలయాల్లో ప్రవేశం ఉండేది కాదు. అంటే, అరుగు మీద నిలబడడం ఎలా ఉంటుందో ఆ వంశానికి ఎవరూ చెప్పనక్కరలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని, ఆఖరి పరీక్ష వేళకు జబ్బుపడి డిగ్రీ పుచ్చుకోలేకపోయారు. పేపర్లు దిద్దుకుంటూ బతికే నాబోటి ఉపాధ్యాయులు ఈ సంగతి అప్పుడప్పుడు తలుచుకోవాలి.

1903లో ఆయనా, ఆయన మిత్రులూ కలిసి తిరునెల్వేలిలో ఒక భారతీయ మిషనరీ సంఘం పెట్టారు. మనుషులూ మనవాళ్లే, డబ్బూ మనదే, నిర్వాహకులూ మనవాళ్లే ఉండాలన్నది దాని నియమం. ఆ సంఘం పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్. తమిళ పల్లెల కానుకలతో తెలుగు పల్లెల్లో పని సాగిందన్నమాట. 1909లో అజరయ్య గురువుగా అభిషేకం పొంది తామే దోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. తెలుగు అప్పుడు నేర్చుకోవలసి వచ్చింది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అలవాటైన మా పిల్లలే ఒత్తుల దగ్గర తడబడతారు. ఆ వయసులో అక్షరాలు దిద్దడానికి ఎంత ఓపిక కావాలో మీరే ఊహించుకోండి.

మరుసటి ఏడు జూన్‌లో స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు పన్నెండు వందల పైచిలుకు. వారిలో ఆసియా వాళ్లు ఇరవై మంది దాకా మాత్రమే. విదేశీ మిషనరీలకూ, దేశీయ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్యను కోరారు. పొగడ్తలు చెప్పి కూర్చుంటే అందరూ సంతోషించేవారు. ఆయన మాత్రం చేయి కలపడం, భోజనానికి ఇంటికి పిలవడం వంటి చిన్న చిన్న విషయాల్లోనే దొరతనం బయటపడుతోందని నిర్మొహమాటంగా చెప్పారు.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పదమూడో అధ్యాయం క్రైస్తవులందరికీ కంఠస్థం. ఉన్న ఆస్తి అంతా బీదలకు పంచినా, ఒంటిని నిప్పుకు అప్పగించినా, ప్రేమ లేకపోతే లాభం లేదని అందులోని బోధ. అజరయ్య దాన్నే తిప్పి సభ ముందు పెట్టారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, అందుకు మేము కృతజ్ఞులం. మేము ఇంకా అడుగుతున్నది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆయన మాటల సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు తలలు వంచుకున్నారు. దానం చేసేవాణ్ణి, నీలో స్నేహం లేదు అంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది కదా! నా మట్టుకు నాకు ఆ అధ్యాయానికి ఇంతకంటే సూటి అయిన వ్యాఖ్యానం కనబడలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ పట్టుబట్టి ఈ పని జరిపించారు. వ్యతిరేకించినవాళ్లలో దొరలే కాదు, మనవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు ఎడిన్‌బరోలో అడిగిన ప్రశ్న తిరిగి ఆయన గుమ్మంలోకే వచ్చింది. దోర్నకల్ సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరు వీళ్లిద్దరినీ దూరం పెట్టింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు దూరం పెట్టుకున్నారు. ప్రభు భోజనంలో అందరికీ ఒకటే రొట్టె, ఒకటే గిన్నె. కులం అడ్డం వస్తే అక్కడే వస్తుంది. అజరయ్య ఈ విషయంలో సర్దుబాటుకు ఒప్పుకోలేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని పల్లె పల్లెకూ తిరిగి చెప్పారు. తర్వాతి కాలంలో ఇతర కులాలవాళ్లూ సంఘంలోకి వచ్చినప్పుడు, తన ప్రసంగాలు కాదు, ఈ పేదవాళ్ల బతుకుల్లో వచ్చిన మార్పే వారిని తెచ్చిందని ఆయన అనేవారు. గాంధీగారు మాత్రం 1930లలో ఈ సామూహిక మతాంతరాలను గట్టిగా ఆక్షేపించారు. ఇద్దరూ అస్పృశ్యతకు విరోధులే అయినా ఈ ఒక్క చోట కలవలేకపోయారు. ఇక క్రైస్తవ సంఘాల్లో కులం పూర్తిగా పోయిందా అంటే, పెళ్లి సంబంధాల దగ్గర నేటికీ పోలేదు. దాచి ప్రయోజనం లేదు.

ఆయన్ను బాధపెట్టిన మరో గోడ కూడా ఉంది. మిషన్లు జిల్లాలను పంచుకోవడం వల్ల ఊరు మారితే సంఘమే మారిపోయేది. ఒక సంఘం విశ్వాసికి మరో సంఘం బల్ల దగ్గర చోటుండేది కాదు. ఈ తగాదాలు యూరప్‌లో పుట్టినవి, మన పల్లె రైతుకు వాటితో పనేమిటి? 1919 మేలో తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సమావేశమై ఐక్యతకు పిలుపునిచ్చారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. వారిలో ముఖ్యుడు అజరయ్య. బిషప్పులు ఉండాలా, ఉంటే ఎవరి అభిషేకం చెల్లుతుంది అన్న చర్చలతోనే ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

ఈలోగా దోర్నకల్‌లో ఆయన కట్టించిన కేథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. దాన్ని చూసినవారికి మసీదు గుమ్మటాలూ, దేవాలయం స్తంభాలూ కలిసి కనిపిస్తాయి.

చెన్నైలో కేథడ్రల్ రోడ్డు మీదుగా వెళ్లేవాళ్లు సెయింట్ జార్జి కేథడ్రల్ శిఖరం చూసే ఉంటారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘం వారు అందులోనే ఒకే సంఘమయ్యారు. అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. ఆ బల్ల దగ్గర ఆయన కూర్చోలేదు.