ఉమ్మడి వరంగల్ పల్లెల్లో సేద్యం, వినోదం, వెట్టి

కీలకపదాలు: మోట, నాట్లు, బతుకమ్మ, చిందు, వెట్టి

1. ఉపోద్ఘాతం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016లో ప్రధానంగా ఉమ్మడి వరంగల్ నుండి ఏర్పడ్డాయి. ఈ పల్లెల పాటలను శ్రామికగేయాలు, వేడుకగేయాలు అని విభజించి చదవడం పరిశోధనలో అలవాటు. వర్గీకరణకు ఇది ఉపకరిస్తుంది. అయితే ఆ పని ఎవరి పొలంలో, ఏ ప్రతిఫలానికి జరిగిందన్న ప్రశ్న ఇందులో మరుగునపడుతుంది. ఆ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పనిలో పాట

మెట్టభూములు ఎక్కువైన జనగామ ప్రాంతంలో విద్యుత్ మోటార్లు రాకముందు బావిసేద్యానికి మోటే ఆధారం. ఎడ్లు వాలులో దిగుతూ మోకు లాగితే నీళ్లు పైకి వచ్చి తొండం గుండా కాలువలో పడేవి. అవి వెనక్కి నడిస్తే మోట మళ్లీ బావిలోకి దిగేది. ఎడ్ల నడకకూ, తోలేవాని ఊపిరికీ పాట లయ కుదిర్చేది. నాట్లలో ఒకరు ఎత్తుకున్న పాటను మిగిలినవారు అందుకుంటే చేతులన్నీ కలిసి కదిలేవి. ఆ విధంగా పాట కూడా ఒక పనిముట్టే.

3. సాగుక్రమంలో వినోదం

మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో చెరువుసేద్యం కాకతీయుల నాటిది. బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలమ తవ్వించింది. నాట్లు, కలుపులు ముగిసి వరికోతలు మొదలుకాని విరామంలో వచ్చే బతుకమ్మ చివరికి చేరేదీ చెరువుకే. కోతల తరువాత చిందు, ఒగ్గుకథ, చిరుతల రామాయణం సాగేవి. ఖాళీ పొలాల్లో పిల్లలు చిర్రగోనె ఆడేవారు. చిందు కళాకారులకు మాదిగల ఇళ్ల నుండి ధాన్యం ముట్టేది. కళ్లంలోని గింజలే రాత్రి ఆటకు ఆధారం.

4. వెట్టి నీడ

దొర పొలంలో కూలి లేకుండా పనిచేసిన తరువాతే సొంత చేనుకు వెళ్లవలసిన వ్యవస్థలో, పాట వినిపించినంత మాత్రాన పాడినవారు సుఖంగా ఉన్నారనలేం. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాజేయబోగా సంఘం నిలిచి దానిని ఆమె ఇంటికి చేర్చింది. అక్కడ కోతే పోరాటమైంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణం కోల్పోయాడు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను ఉద్యమ ప్రచారానికి మలిచాడు. జనం సొంతమైన వినోదరూపమే వారి రాజకీయ భాష అయింది.

5. ముగింపు

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ విశ్వవిద్యాలయ పరిశోధనకు బాట వేసింది. నేడు మోట లేదు, కోతలకు యంత్రాలు వచ్చాయి; పనితో కలిపి పాటను గుర్తుంచుకున్న తరం తరిగిపోతోంది. కనుక క్షేత్రపరిశోధకులు పాఠం, బాణీలతో ఆగకుండా భూమి ఎవరిది, కూలి ఎంత, పాట ఎత్తుకున్నది ఎవరు అన్నవీ నమోదు చేయాలి. ఆ వివరాలు లేకుంటే వెట్టి పాట కూడా వేడుక పాటగానే చరిత్రకెక్కుతుంది.