నీటిలో నిలిచిన కొండ

దీవి యనగానే మనకు సముద్రము జ్ఞప్తికి వచ్చును. కాని సముద్రమునకు దూరముగా, మన పల్నాటిలోనే, మానవ ప్రయత్నముచే నేర్పడిన రాతిదీవి యొకటి కలదు. అదియే నాగార్జునకొండ. దానిపై నేడు ఊరు లేదు. పగలు యాత్రికులు లాంచీలపై వచ్చి, చూచి, మరలిపోవుదురు. ఈ దీవి యెట్లు పుట్టెనో తెలిసికొనుట నాదెండ్ల, నరసరావుపేట ప్రాంతముల వారమగు మనకు విధి. ఏలయన, ఈ సీమ పొలములను తడుపు జలాశయమే దానిని దీవిగా జేసినది.

పూర్వమది మూడువైపుల నల్లమల శాఖలును, నాలుగవవైపున కృష్ణయు కాపుగా నున్న లోయలోని కొండ. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురిని రాజధానిగా జేసికొని యేలిరి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. అతని సోదరి శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యమును నిలిపిన పుణ్యురాలు. ఒకే కుటుంబమున రెండు మతములకును తావు దొరకినది. రాజవంశమునకు చెందని బోధిశ్రీ యను ఉపాసిక సింహళాచార్యులకై చైత్యగృహమును కట్టించి శాసనము వేయించినది. కాశ్మీర, గాంధార, చీనా దేశముల ప్రసక్తి యందు గలదు. స్త్రీకి ధనముపై నధికారమేల, లోకజ్ఞానమేల యని వాదించువారు ఈ శాసనములను చదువుట మేలు.

కాలక్రమమున నగరము శిథిలమై అడవిపాలయ్యెను. 1926వ సంవత్సరమున సూరపరాజు వెంకటరామయ్య యను స్థానికోపాధ్యాయుడు అచటి ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసెను. ఆయన మా వృత్తివాడే యగుట మాకు గర్వకారణము. బడిలో పాఠము చెప్పి యూరకుండక, ఊరిచెంతనున్న రాతిని పరికించుటయు ఉపాధ్యాయుని పనియే కదా! పిదప 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్టు దొరయు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ గారును అచట త్రవ్వకములు జరిపించిరి.

ఇంతలో కృష్ణకు ఆనకట్ట కట్టుటకు నిశ్చయమైనది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ గారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట తప్పదని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యము గారి నాయకత్వమున 1954 నుండి 1960 వఱకు నేలను శోధించిరి. ముఖ్యమైన కట్టడములను విప్పి, కొన్నిటిని కొండమీదికిని, కొన్నిటిని ఒడ్డుననున్న అనుపునకును తరలించి మరల నిలిపిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలు నీటిపాలైనవి. శిల్పములకు కొండ దొరకినది. అచటి కుటుంబములు మాత్రము తమ యిండ్లను, పొలములను విడిచి పోవలసివచ్చెను.

కొండ దీవియైనప్పుడు చరిత్రయే కాదు, జంతుప్రపంచమును మారును. పనామాలో కాలువకై నదిని కట్టగా, 1913 ప్రాంతమున బారో కొలరాడో యను కొండ యిట్లే దీవియయ్యెను. 1923 నుండి దానిని పరిశోధనకై రక్షించుచున్నారు. వేటగాని తుపాకియు, గొడ్డలియు లేకున్నను, అనేక పక్షిజాతులు క్రమముగా అచట నశించినవి. ఱెక్కలున్న పక్షికి నీరొక యడ్డమా యని మనకు తోచును. కాని నీడలో బ్రతుకు మరిగిన అడవిపిట్టలు కొన్ని కొలదిపాటి నీటినైనను దాటలేవని శోధకులు ప్రత్యక్షముగా చూచిరి. ఒకచోట తగ్గిన జాతిని పొరుగడవి మరల నింపవలెను. నడుమ నీరు నిలిచినచో ఆ రాకపోకలు తెగిపోవును. మన సాగరము చుట్టునున్న నల్లమల 1983 నుండి పులుల రక్షితారణ్యము. ఆ యడవికిని ఈ కొండకును నడుమ నేడు నీరే హద్దు. ఈఁదగల మొసలికి అది మార్గము. నేలపై ప్రాకు చిన్నప్రాణికి అది గోడ.

ఆనకట్ట వలదని మేమనుట లేదు. కరవునకు బెదరిన మెట్టసీమకు నీటివిలువ యెట్టిదో మాకు తెలియును. కాని మేలు పొందినవాడు దాని వెలను మఱచుట ధర్మము కాదు. పిల్లలను ఆ దీవికి కొనిపోయినపుడు, పైనున్న శిల్పములను చూపి తృప్తిపడక, లాంచీ నడుచు నీటివంక చూపి, దీని యడుగున నొక నగరమును, కొన్ని పల్లెలును కలవని చెప్పుదము. మన కంచములోని అన్నమునకు వారి త్యాగమును కారణమని తెలిసిన బిడ్డ మెతుకునైనను పాఱవేయడు.