ఫ్లూ టీకాల భద్రతా పర్యవేక్షణ

ఫ్లూ టీకాల భద్రతా పర్యవేక్షణ అనగా ఇన్‌ఫ్లూయెంజా టీకాకు అనుమతి లభించి, అది ప్రజల వాడకంలోకి వచ్చిన తరువాత కలిగే అనుకోని హానిని కనిపెట్టి, నమోదు చేసి, దానికి కారణం తేల్చే ప్రక్రియ. టీకా వేయించుకున్న తరువాత కలిగే ప్రతి అస్వస్థతను, అది టీకా వలన కలిగినా కలగకపోయినా, "టీకా అనంతర ప్రతికూల ఘటన" అని వ్యవహరిస్తారు. ఆరోగ్య శాఖ సిబ్బంది వాడుకలో దీని పేరు ఏ.ఇ.ఎఫ్.ఐ. ఇందులో "తరువాత" అన్న మాటకు "వలన" అని అర్థం లేదు. ఈ రెండింటికీ గల తేడాను తేల్చడమే పర్యవేక్షణలోని కష్టమైన భాగం.

ఆవశ్యకత

తట్టు టీకాలోని వైరస్ రకం దశాబ్దాలుగా మారలేదు. ఫ్లూ వైరస్ మాత్రం ఎప్పటికప్పుడు రూపు మార్చుకుంటూ ఉంటుంది. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకా కూర్పును ఏటా సూచిస్తుంది. కూర్పు మారిన ప్రతిసారీ వేలాది మందిపై కొత్తగా ప్రయోగాలు జరిపే వ్యవధి ఉండదు. కనుక ఫ్లూ టీకా విషయంలో పర్యవేక్షణ ఒకసారి ముగిసే పని కాదు, ప్రతి ఏడూ మళ్ళీ మొదలయ్యేది.

ప్రయోగాలు ఎంత జాగ్రత్తగా జరిపినా వాటికి ఒక పరిమితి ఉన్నది. 3,000 మందికి టీకా వేసి ఒక్కరిలోనూ ఫలానా హాని కనబడలేదంటే, ఆ హాని సుమారు వెయ్యిమందిలో ఒకరి కంటె ఎక్కువమందికి కలగదని మాత్రమే చెప్పవచ్చును. లక్షలో ఒకరికి కలిగేది లక్షలాది మంది వేయించుకున్న పిదపనే బయటపడుతుంది. సూది గుచ్చిన చోట నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం, ఒళ్ళునొప్పులు తరచుగా కలిగేవే. తీవ్రమైన అలర్జీ ప్రతిచర్య (అనాఫిలాక్సిస్) పది లక్షల మోతాదులకు ఒకటి రెండు సార్లు సంభవిస్తుంది. టీకా వేసిన తరువాత అరగంట కూర్చోమనడం అందుకే.

చరిత్ర

ఈ పర్యవేక్షణకు పాఠం నేర్పినది 1976 నాటి అమెరికా అనుభవం. ఆ సంవత్సరం ఫోర్ట్ డిక్స్ సైనిక స్థావరంలో స్వైన్ ఫ్లూ కనబడగా, అక్టోబరు 1న దేశవ్యాప్తంగా టీకాలు మొదలుపెట్టారు. పది రోజులు గడిచేసరికి పిట్స్‌బర్గ్‌లో ఒకే కేంద్రంలో టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు గుండెజబ్బుతో మరణించారు. భయపడి కొన్ని రాష్ట్రాలు టీకాలు ఆపివేశాయి. విచారణలో అది కాకతాళీయమని తేలింది. ఆ వయసువారిలో ప్రతిదినం కొందరు గుండెజబ్బుతో మరణిస్తూనే ఉంటారు. అయితే కొద్ది వారాలకే కాళ్ళు చేతులు చచ్చుబడే గులియన్-బారే సిండ్రోమ్ (జి.బి.ఎస్.) కేసులు రాసాగాయి. ఈసారి లెక్క వేస్తే, టీకా వేయించుకున్న ప్రతి లక్షమందిలో అదనంగా ఒకరికి ఈ వ్యాధి వచ్చినట్లు తేలింది. డిసెంబరు 16న కార్యక్రమాన్ని నిలిపివేశారు. అప్పటికి నాలుగు కోట్లమందికి పైగా టీకా అందింది, ఊహించిన ఫ్లూ మాత్రం రాలేదు. ఒకే టీకాపై రెండు అనుమానాలు రాగా ఒకటి అబద్ధమై, మరొకటి నిజమైనది. రెండింటినీ వేరుచేసినది గణాంకాలే.

2010లో మరి రెండు ఘటనలు జరిగినవి. ఆస్ట్రేలియాలో సి.ఎస్.ఎల్. సంస్థ తయారుచేసిన ఫ్లూవ్యాక్స్ టీకా వలన చిన్నపిల్లలలో జ్వరంతో కూడిన ఫిట్స్ ఎక్కువగా వచ్చాయి. ఏప్రిల్‌లో ఐదేళ్ళలోపు పిల్లలకు ఫ్లూ టీకాలు నిలిపివేశారు. అదే సంవత్సరం స్వీడన్, ఫిన్లాండ్ దేశాలలో పాండెమ్రిక్స్ అనే స్వైన్ ఫ్లూ టీకా పొందిన పిల్లలు, యువకులలో పగటిపూట ఆపుకోలేని నిద్ర కమ్మే నార్కోలెప్సీ వ్యాధి పెరిగినట్లు గుర్తించారు. బాధితులలో అత్యధికులకు ఒక ప్రత్యేక జన్యురకం ఉన్నది. ఈ రెండింటిలోను ముందుగా అనుమానించి తెలియజేసినది రోగులను చూస్తున్న వైద్యులే.

భారతదేశంలో

2009 మే నెలలో భారతదేశపు మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులో, అమెరికా నుండి వచ్చిన ఒక యువకునిలో నిర్ధారణ అయినది. మరుసటి సంవత్సరం దేశీయ టీకాలు వరుసగా వెలువడ్డాయి: జైడస్ క్యాడిలా వారి వాక్సిఫ్లూ-ఎస్, సీరం ఇన్‌స్టిట్యూట్ వారి నాసోవ్యాక్ (ముక్కులో వేసేది), హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ వారి హెచ్.ఎన్.వ్యాక్. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ ఔషధ పర్యవేక్షణ కార్యక్రమం కూడ 2010 జులైలోనే మొదలైనది. 2011 నుండి దీని కేంద్రం ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్.

టీకా పర్యవేక్షణలోని లోపాలు తెలుగునాట బయటపడినది ఫ్లూ టీకా విషయంలో కాదు. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి జరిపిన అధ్యయనమిది. గుజరాత్‌లోని వడోదరలో కూడ ఇటువంటిదే జరిగింది. మొత్తం ఏడుగురు బాలికలు (ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు) మరణించిన సంగతి వెల్లడి కావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దీనిని నిలిపివేసినది. నీటిలో మునిగిపోవడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి మరణ కారణాలుగా నమోదయ్యాయి. టీకాతో వీటికి సంబంధం ఉండకపోవచ్చునని విచారణ సంఘం అభిప్రాయపడింది. అయినా తల్లిదండ్రులకు బదులు వసతిగృహ వార్డెన్లు సంతకాలు చేయడాన్ని, ప్రతికూల ఘటనలను నమోదు చేసే ఏర్పాటు సరిగా లేకపోవడాన్ని తప్పుపట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో మరింత తీవ్రంగా విమర్శించినది. నమోదు సరిగా లేనిచోట టీకా నిర్దోషి అని చెప్పినా ఆ తల్లిదండ్రులకు నమ్మకం కలగడం కష్టం.

నివేదిక ప్రయాణం

కోనసీమలోని పి.గన్నవరం మండలాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. వైనతేయ గోదావరిపై గల అక్విడెక్టుకు పేరుపొందిన ఊరిది. ఇక్కడ ఒక వృద్ధునికి ఫ్లూ టీకా వేసిన మూడవ వారంలో కాళ్ళు పట్టుతప్పినవి అనుకొందాం. కుటుంబం ఆశా కార్యకర్తకో ఏ.ఎన్.ఎం.కో చెప్పాలి. ఆమె వైద్యాధికారికి తెలుపుతుంది. తీవ్రమైన ఘటన అయితే వైద్యాధికారి 24 గంటలలోగా నివేదిక పత్రం నింపి జిల్లా టీకాల అధికారికి పంపాలి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడే వరకు ఇది కాకినాడకు వెళ్ళేది, ఇప్పుడు అమలాపురానికి వెళుతుంది. మొత్తం 48 గంటలలో అది రాష్ట్ర, జాతీయ స్థాయికి చేరాలి. 10 రోజులలో ప్రాథమిక విచారణ, 70 రోజులలో తుది విచారణ పూర్తి కావాలని నియమం. అవసరమైతే అదే బ్యాచి టీకాలను కసౌలీలోని కేంద్ర ఔషధ ప్రయోగశాలకు పంపుతారు.

ఫ్లూ విజృంభించే వర్షాకాలమే గోదావరికి వరదలు వచ్చే కాలం. లంక గ్రామాలకు పడవలే దిక్కైన ఆ రోజులలో మొదటి కబురు ఫోను ద్వారానే అందించాలి.

చివరకు నిపుణుల సంఘం ఘటనను టీకాకు సంబంధించినది, అనిశ్చితమైనది, కాకతాళీయమైనది, సమాచారం చాలక వర్గీకరించలేనిది అనే నాలుగింటిలో ఒకటిగా నిర్ణయిస్తుంది. టీకాకు సంబంధించిన వాటిలో టీకా గుణం, తయారీ లోపం, వేసే పద్ధతిలో పొరపాటు, సూదిభయం వలన కలిగే మూర్ఛ వంటివి కూడ చేరుతాయి.

జిల్లా లెక్క చాలదు

టీకాతో నిమిత్తం లేకుండానే సంవత్సరానికి లక్షమందిలో ఒకరిద్దరికి జి.బి.ఎస్. వస్తుంది. 2025 ఆరంభంలో పుణెలోను, పిదప ఆంధ్రప్రదేశ్‌లోను వార్తలకెక్కిన కేసులకు ఫ్లూ టీకా కారణం కాదు. పుణెలో కలుషిత నీటిలోని బాక్టీరియాను ప్రధానంగా అనుమానించారు. కోనసీమ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 17 లక్షలు. వీరందరికీ ఒకేసారి ఫ్లూ టీకా వేశామనుకొంటే, తరువాతి ఆరు వారాలలో టీకాతో సంబంధం లేకుండానే రెండు నుండి నాలుగు జి.బి.ఎస్. కేసులు రావాలి. నేటి ఫ్లూ టీకాల వలన అదనంగా రాగల కేసులు పది లక్షల మందికి ఒకటి రెండు, అనగా జిల్లాకు రెండు మూడు. నాలుగు కేసులు వచ్చినా, ఏడు వచ్చినా, ఒక్క జిల్లా సంఖ్యలను చూచి కారణం తేల్చడం అసాధ్యం. అనేక జిల్లాల, రాష్ట్రాల నివేదికలు ఒకచోట చేరినప్పుడే తేడా కనబడుతుంది. ఫ్లూ జ్వరం వలన కూడ జి.బి.ఎస్. రావచ్చుననీ, ఆ ప్రమాదం టీకా వలన కలిగే దానికంటె ఎక్కువనీ తెలిసినది ఇటువంటి పెద్ద లెక్కల వలననే.

లోటుపాట్లు

భారతదేశపు ఏ.ఇ.ఎఫ్.ఐ. వ్యవస్థ ప్రధానంగా పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల చుట్టూ అల్లుకున్నది. ఫ్లూ టీకా ఆ కార్యక్రమంలో లేదు. ఆరోగ్య సిబ్బంది, హజ్ యాత్రికులు వంటి వారిని మినహాయిస్తే, దీనిని ప్రజలు ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రులలో కొనుక్కొని వేయించుకుంటారు. ఎందరు వేయించుకున్నారో తెలియనిదే, ఎన్ని ఘటనలు నమోదైనా రేటు కట్టలేము. జ్వరానికి మరొక వైద్యుని వద్దకు, కాళ్ళ బలహీనతకు వేరొక పట్టణానికి వెళ్ళిన రోగి విషయంలో టీకా సంగతి ఎవరూ అడగకపోవచ్చును.

అనుమానిత ఘటనను ప్రైవేటు వైద్యులు జిల్లా టీకాల అధికారికి తెలుపవచ్చును. వైద్యులు గాని, రోగులు గాని ఔషధ పర్యవేక్షణ కార్యక్రమం వారి ఉచిత ఫోను 1800-180-3024కు కూడ తెలుపవచ్చును. టీకా పేరు, బ్యాచి సంఖ్య, వేసిన తేదీ, లక్షణం మొదలైన తేదీ ముఖ్యమైన వివరాలు. బ్యాచి సంఖ్య సీసాపైన, పెట్టెపైన ముద్రించి ఉంటుంది. దానిని టీకా వేసిన రోజుననే చీటీపై వ్రాయించుకొనవలెను.