స్తంభం - తరంగం - నగరం: హైదరాబాదు ఉచిత వైఫై ప్రస్థానం, ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

నీటి సరఫరా, వీధిదీపాలు, పారిశుద్ధ్యం నగరపాలక సంస్థ బాధ్యతలుగా పౌరులకు చిరపరిచితాలు. ఇంటర్నెట్‌ను కూడా ఆ కోవలో చేర్చవచ్చునా అనే ప్రశ్న 21వ శతాబ్దపు తొలి దశకంలో అనేక నగరాలలో తలెత్తింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా 2004లో నగరవ్యాప్త వైర్‌లెస్ వ్యవస్థను ప్రకటించింది. స్థానిక టెలిఫోన్ సంస్థకు మొదటి అవకాశం ఇవ్వనిదే నగరాలు రుసుము తీసుకొని బ్రాడ్‌బ్యాండ్ నడపరాదని పెన్సిల్వేనియా రాష్ట్రం అదే ఏడాది చట్టం చేసింది. ఫిలడెల్ఫియాకు మినహాయింపు లభించినా, నిర్మాణ బాధ్యత తీసుకున్న ఎర్త్‌లింక్ సంస్థ 2008లో వైదొలగింది. అక్కడ నగరానికీ కంపెనీకీ మధ్య పోరు శాసనసభలో సాగింది. హైదరాబాదులో అటువంటి పోరు జరగలేదు. అందుకు కారణాలేమిటో, దాని ఫలితం పాతబస్తీలోని సంతోష్‌నగర్ వంటి ప్రాంతాలకు ఏమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చట్టపరమైన నేపథ్యం:

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సమాచార వ్యవస్థలపై ప్రత్యేకాధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికే కట్టబెట్టింది. రాజ్యాంగంలోని కేంద్ర జాబితా 31వ అంశం టెలిఫోన్లు, వైర్‌లెస్, ప్రసారాలను కేంద్రానికే అప్పగించింది. 74వ సవరణ ద్వారా వచ్చిన 12వ షెడ్యూలు పురపాలికలకు 18 అంశాలను పేర్కొంది. వాటిలో వీధిదీపాలు ఉన్నాయి గాని సమాచార వ్యవస్థ లేదు. అంటే వీధిదీపం నగరానిది, దాని చుట్టూ వ్యాపించే తరంగం కేంద్రానిది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రజలకు ఇంటర్నెట్ అందింది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు ద్వారాలు తెరుచుకున్నాయి. దేశం, సర్కిల్, స్థానిక పరిధి అనే మూడు తరగతుల అనుమతులు చిన్న సంస్థలకూ చోటు కల్పించాయి. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల వినియోగానికి లైసెన్సు తొలగించడంతో వైఫైకి మార్గం సుగమమైంది. అయితే తరంగానికి అనుమతి అక్కరలేకపోయినా, సేవను అమ్మడానికి అనుమతి అవసరమయ్యేది.

హైటెక్ సిటీ నుంచి హైఫై వరకు:

ఈ పరిమితుల మధ్య తెలంగాణ ప్రభుత్వం భాగస్వామ్య మార్గాన్ని ఎంచుకుంది. 2014 అక్టోబరులో ఎయిర్‌టెల్‌తో కలిసి హైటెక్ సిటీ ప్రాంతంలోనూ, 2015 ఏప్రిల్‌లో బీఎస్ఎన్ఎల్ ద్వారా హుస్సేన్‌సాగర్ తీరంలోనూ వైఫై ప్రారంభమైంది. 2017 జూన్‌లో వెయ్యి కేంద్రాలతో హైఫై పథకం వచ్చింది. 2021లో ఏసీటీ సంస్థ భాగస్వామ్యంతో 3,000 కేంద్రాలు ప్రకటించారు.

ఈ క్రమంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, ఏ దశలోనూ వ్యవస్థ యాజమాన్యం నగరపాలక సంస్థది కాదు. రెండవది కాలానికి సంబంధించినది. 2016 సెప్టెంబరు 5న జియో ప్రవేశించి, నెలల తరబడి ఉచితంగా డేటా అందించింది. హైఫై ఆ తరువాత వచ్చింది. ఉచిత వైఫై తీర్చదలచిన కొరతను ఒక ప్రైవేటు సంస్థ ధరల యుద్ధం అప్పటికే చాలావరకు తీర్చివేసింది.

సంతోష్‌నగర్ కోణం:

మూసీకి దక్షిణాన, కంచన్‌బాగ్ రక్షణ ప్రయోగశాలలకు చేరువలో ఉన్న సంతోష్‌నగర్ నివాస ప్రాంతం. ఉచిత వైఫై తొలి అడుగులు ఐటీ కార్యాలయాల వైపు, విహారస్థలాల వైపు పడ్డాయి. ఇటువంటి కాలనీలు ఆ మొదటి పటంలో లేవు. ఇంట్లో స్థిరమైన ఇంటర్నెట్ కావాలంటే కేబుల్ ఆపరేటరు లాగిన తీగే ఆధారం. ఆ తీగ వేలాడేది విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభంపై.

ఆ ఆధారం ఎంత సున్నితమైనదో 2025 ఆగస్టు నిరూపించింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథోత్సవంలో విద్యుదాఘాతానికి ఐదుగురు బలయ్యారు. అనంతరం స్తంభాలపై కేబుళ్ల తొలగింపు ముమ్మరమై, నగరంలో పలుచోట్ల ఇంటర్నెట్ నిలిచిపోయింది. భారతీ ఎయిర్‌టెల్ హైకోర్టును ఆశ్రయించింది. ప్రాణరక్షణ నిర్వివాదంగా ప్రథమ కర్తవ్యం. కానీ భూగర్భ మార్గాలు నిర్మించుకోగల మూలధనం పెద్ద సంస్థలకు ఉన్నంతగా గల్లీ ఆపరేటరుకు ఉండదు. కనుక స్తంభంపై తీసుకునే నిర్ణయం మార్కెట్టుపై నిర్ణయంగానూ పరిణమిస్తుంది.

ఉపసంహారం:

2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం, చిన్న దుకాణదారు సైతం లైసెన్సు లేకుండా వైఫై అందించవచ్చునని చెప్పింది. పూర్వపు ఎస్‌టీడీ బూత్ ఈ ఆలోచనకు పూర్వరూపం. అయితే ఆ దుకాణానికి కూడా వెనుక ఒక తీగ కావాలి. హైదరాబాదు అనుభవం చెబుతున్నది ఇదే: వైర్‌లెస్ చరిత్ర నిజానికి తీగల చరిత్ర. నగరం స్వయంగా ఇంటర్నెట్ అమ్మనవసరం లేదు. నేల కింద ఉమ్మడి మార్గాలు నిర్మించి, పెద్దా చిన్నా సంస్థలకు సమాన షరతులపై అద్దెకిస్తే, సంతోష్‌నగర్ వాసికి భద్రతతో పాటు ఎంచుకునే అవకాశమూ దక్కుతుంది.