ఎండుమిరపకాయ లేని విందు



కోత పండుగ నాడు మన మందిరం వెనక పందిట్లో జరిగిన సంగతి హైదరాబాదు దాకా పాకినట్టుంది. "అయ్యగారు కారం లేకుండా విందు పెట్టారంట, నిజమేనా?" అని ఫోన్లు వస్తున్నాయి. నిజమే. ఎందుకు పెట్టామో, ఏం తెలుసుకున్నామో చెబుతాం.

సంస్కరణ దినం ప్రసంగం కోసం మార్టిన్ లూథర్ కాలం గురించి చదువుతున్నాం. 1517లో ఆయన విటెన్‌బర్గులో 95 సిద్ధాంతాలు బయటపెట్టాడు. తరువాత ఆయన భార్య అయిన కాథరీనా తోట పెంచి, పశువులను మేపి, ఇంట్లో ఉండే విద్యార్థులకూ వచ్చేపోయే అతిథులకూ వండిపెట్టేది. అది చదువుతుంటే మీ అమ్మగారు ఒక ప్రశ్న వేశారు: "మరి ఆ రోజుల్లో మన వైపు వాళ్లు ఏం తినేవాళ్లు?"

1517కి రెండేళ్ల ముందే, 1515లో, శ్రీకృష్ణదేవరాయలు కృష్ణ అవతల కొండవీడు కోట పట్టుకున్నాడు. తరువాత కొండపల్లి కూడా ఆయన చేతికి వచ్చింది. విజయవాడ వెళ్లేటప్పుడు మనం చూసే కొండపల్లే. యూరప్‌లో ఆ శతాబ్దపు వంటలు పుస్తకాలుగా అచ్చయ్యాయి. పోపు గారి వంటవాడు బార్తలోమియో స్కాపి 1570లో పెద్ద పుస్తకమే వేశాడు. ఇప్పటికీ వాటిని చూసి వండుకునేవాళ్లు ఉన్నారు. మనకు ఆధారం రాయలు రాసిన ఆముక్తమాల్యద కావ్యం. దాన్ని రాయడానికి తనకు ప్రేరణ కలిగింది మన కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోనే అని రాయలే చెప్పుకున్నాడు.

అందులో విష్ణుచిత్తుడనే భక్తుడు అతిథులకు ఋతువును బట్టి భోజనం పెడతాడు. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, నీళ్ల మజ్జిగ. చలికాలంలో పరిమళించే కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి వేసిన వేడి వేడి కూరలు, ముక్కు అదిరిపోయే ఆవ పచ్చళ్లు, పాయసం, నెయ్యి, పాలు. (వైష్ణవ కావ్యం మీకెందుకండీ అని ఒక సోదరుడు అడిగాడు. అన్నం పెట్టేవాడి కథ ఎవరు చదివినా నష్టం లేదు.)

ఈ భోజనాల్లో మిరపకాయ లేదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ 1492లో అటు వెళ్లాకే బయటి ప్రపంచానికి తెలిసింది. 1498లో వాస్కోడగామా కాలికట్‌కు దారి కనుక్కున్నాక, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశం చేరింది. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ కూడా ఆ ఖండానివే. మిరియం పేరు పోలికతోనే మన పెద్దలు దాన్ని మిరప అన్నారు.

కనుక కోత పండుగకి ఒక కట్టడి పెట్టుకున్నాం: పచ్చిమిర్చి, ఎండుమిర్చి, టమాటా, ఆలుగడ్డ, పల్లీ నూనె ఏవీ వద్దు. నువ్వుల నూనె, మిరియాలు, ఆవాలు, చింతపండు, అల్లం చాలు. వంకాయకి అడ్డు లేదు. రాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేయిష్ అక్కడి సరుకుల్లో వంకాయలు, నిమ్మకాయలు ఉన్నాయని రాశాడు.

ముందు ఇంట్లో సొరకాయతో ఆవ పచ్చడి చేసి చూశాం. ఆవాలు మిక్సీలో మెత్తగా పట్టి, పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న సొరకాయలో కలిపాం. పచ్చడి చేదెక్కింది, ఘాటు మాత్రం లేదు. ఆవ ఘాటు గింజలో సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు పుడుతుంది, ఎక్కువ వేడి తగిలితే చచ్చిపోతుంది. రెండోసారి ఆవాలు నానబెట్టి, ఉప్పు వేసి రోట్లో నూరాం. ముక్కలు పూర్తిగా చల్లారాక కలిపి, కాసేపు మూతపెట్టి ఉంచాం. మూత తీసేసరికి మీ అమ్మగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు అర్థమైంది, ఆవకాయ పేరులో ఉన్నది కారం కాదు, ఆవ. కారం తరువాత వచ్చి కూర్చుంది. మీ విశ్వాసం పరాయి దేశానిది అని మనతో అనే ఇంట్లో కూడా జాడీ నిండా ఎర్రగా ఉంటుంది. మనం దెబ్బలాడనక్కరలేదు, ఒక ముద్ద కలుపుకొని తింటే సరి.

కానీ విందు సరుకు కొనేటప్పుడు ఇంకో సంగతి తగిలింది. కిలో మిరియాలకు పెట్టిన డబ్బుతో మూడు కిలోల పైన ఎండుమిర్చి వచ్చేది. మిరియం మలబారు కొండల్లో పండుతుంది, ఎప్పుడూ కొనుక్కోవలసినదే. కావ్యంలోని ఆ పళ్లెం మన తాత ముత్తాతలది కాదు. కొండవీడు రెడ్డిరాజుల కొలువులో ఉన్న శ్రీనాథుడి పేరు మీద చాటు పద్యాలున్నాయి. పల్నాడులో ఎటు చూసినా జొన్నన్నం, జొన్న అంబలే, సన్నన్నం కనబడదు అని ఒకటి. బచ్చలికూరతో జొన్నకూడు మింగడం ఎంత కష్టమో చూడు అని దేవుడినే ఎగతాళి చేసేది ఇంకొకటి. కవిగారికి అది నవ్వులాట. కూలి చేసుకునేవాళ్లకు రోజూ అదే కూడు. మన మెట్ట ఊళ్లలో కూడా సాగర్ ఎడమ కాలువ నీళ్లు రాకముందు వరి అన్నం పండుగ రోజు మాటే.

ఆ చప్పటి జొన్నకూటికి రుచి తెచ్చింది మిరపే. గుడిసె వెనక ఒక్క మొక్క ఉంటే చాలు. ఉప్పు, చింతపండు కలిపి నూరుకుంటే ఒక పూట గడుస్తుంది. అది పేదవాడి మిరియం.

పండుగ నాడు వడ్డన మొదలయ్యాక ఒక సోదరుడు లేచి, "అయ్యగారూ, అందరూ ఇట్లా కారం మానేస్తే మా గతేంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ బంతిలో సగం మంది మిరప వేసేవాళ్లు, మిగతావాళ్లలో చాలామంది కోతలకు వెళ్లి చేతులు మండించుకునేవాళ్లు. 2021-22లో నల్ల తామర పురుగు పడి తోటలు దున్నేసినప్పుడు ఆ సోదరుడి అప్పు కోసం మనం కలిసి ప్రార్థన చేశాం. అప్పు ఇంకా తీరలేదు. మేము నవ్వలేకపోయాం. "మానేది లేదు నాయనా, ఈ ఒక్క పూటే" అన్నాం.

మిరియాల వంకాయ కూర పెద్దవాళ్లు ఇష్టంగా తిన్నారు. పిల్లలు ఆవ పచ్చడి ముట్టలేదు. అన్నిటికంటే ముందు అయిపోయింది జొన్న సంకటి. దాన్ని వండింది ఎనభై దాటిన మామ్మగారు. కొలత అడిగితే "చెయ్యి చెబుతుంది అయ్యా" అన్నారు. ఎసరు మరిగాక కొద్దికొద్దిగా పిండి పోస్తూ, తెడ్డుతో ఉండ కట్టకుండా తిప్పుతూ, పక్కన ఎవర్నీ నిలబడనివ్వలేదు.

వడ్డనలన్నీ అయ్యాక ఆవిడ తన కంచం ముందు కూర్చున్నారు. సంకటిలో మజ్జిగ పోసుకొని రెండు ముద్దలు తిన్నారు. అటూ ఇటూ చూసి మీ అమ్మగారిని దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారు: "అమ్మగారూ, అయ్యగారు చూడకుండా ఒక పచ్చిమిరపకాయ తెచ్చిపెడతావా?"